తొమ్మిది తలలకు దీపాలు

పది తలల్లో తొమ్మిదే నా చేతికి వచ్చాయి. పదోది మా పై అంతస్తులో ఉండే బ్యాంకు గుమాస్తాగారి సొంతం. ఢిల్లీ మయూర్ విహార్‌లో మా కాలనీవాళ్ళు దసరాకి ఆడే రామలీలలో ఏటా ఆయనే లంకరాజు. తొంభైల్లో ఒక ఏడాది, చీకట్లో తలలే కనపడలేదని వెనక వరసలవాళ్ళు గోల చేశారట. మరుసటి ఏడు దసరాకి ముందు, ఆయన ఆ అట్టతలల కిరీటాన్ని చంటిబిడ్డలా ఎత్తుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. నేను రేడియోలు విప్పి బిగిస్తానని కింద చౌకీదారు చెప్పాడట.

"భాయిసాబ్, వీటి కళ్ళు వెలగాలి. అవుతుందా?"

"ఇదొక పనా? మా వైపు ఒక నాటకంలో కిరీటానికి దీపాలు పెట్టాను. రాజు స్టేజీ ఎక్కగానే తెల్లవారిందనుకుని ఊళ్ళో కోళ్ళన్నీ కూశాయి."

అప్పటిదాకా నేను కిరీటాన్ని ముట్టుకున్న పాపాన పోలేదు.

"ఫేంకో మత్," అన్నాడు. కోతలు కోస్తే ఏ భాషవాడికైనా తెలిసిపోతుంది. అయినా కిరీటం నా బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. మా మాటలన్నీ హిందీలోనే. నా హిందీ సంగతి ఆయన్నే అడగాలి.

అప్పటికి నేను నలభై దాటిన బ్రహ్మచారిని. నా తలుపు కొట్టేవాళ్ళు ఇద్దరే, పాలవాడూ కరెంటు మీటరు చూసేవాడూ. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి తాళం తీస్తే, సోమవారం పొద్దున బస్సులో టికెట్టు అడిగేదాకా నా గొంతు నాకే వినిపించేది కాదు. అందుకని ఆయన టీ తాగుతూ "ఎన్నాళ్ళు పడుతుంది?" అంటే, రెండు సాయంత్రాల్లో అయిపోయే పనికి "దసరా దాకా" అన్నాను.

ఎర్రకోట ఎదుటి బజారుకెళ్ళి కందిగింజంత ఎర్ర ఎల్‌ఈడీలు తెచ్చాను. తలకి రెండు కళ్ళ చొప్పున పద్దెనిమిది. సెల్లుల డబ్బా నెత్తిన పెడితే బరువని నడుం పట్టీకి కట్టాను. స్విచ్చిని చొక్కా చేతిలోంచి ఆయన అరచేతిలోకి తెచ్చాను. తల తిప్పినప్పుడు వైరు ఊడిపోకుండా మెడ వెనక కొంత వదులుంచాలి. ఎంత వదులో ఒక్కసారి కొలిస్తే చాలు. నేను రోజూ కొలిచాను.

"నిన్ననే కొలిచారు కదా?"

"నిన్న మీరు కోపంగా ఉన్నారు. కోపంలో మెడ ఉబ్బుతుంది. శాంతంగా ఉన్నప్పుడు కూడా చూడాలి."

ఇంకో రోజు, సెల్లులు మనిషి ఒంటి వేడికి అలవాటు పడాలన్నాను. ఆయన నడుముకి సెల్లులు కట్టుకుని, నెత్తిన తలలు పెట్టుకుని, నా మడత మంచం మీద కదలకుండా కూర్చుని టీ తాగాడు. చపాతీలు చల్లారిపోతున్నాయని పైనుంచి భార్య కేకేస్తే, "వస్తున్నా, నా తలలింకా కాగలేదు," అని జవాబిచ్చాడు.

ఒక సాయంత్రం మాత్రం నిజం చెప్పాను. మా వైపు పద్యనాటకాల్లో చచ్చే పాత్ర పద్యం బాగా పాడితే జనం "వన్స్ మోర్" అని అరుస్తారనీ, చచ్చినవాడు లేచి, మళ్ళీ పాడి, మళ్ళీ చస్తాడనీ.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "కోళ్ళదాకా నమ్మాను భాయిసాబ్. శవం లేవడమా? మరి చంపినవాడు ఏం చేస్తాడు?"

"వాడూ నిలబడి వింటాడు."

"గప్."

"ఒట్టు."

"మీ ఒట్టు కూడా గప్పే."

ఆయనకి చెప్పిన ఒకే ఒక్క నిజం అలా గాలికి పోయింది.

దసరా దగ్గరపడేసరికి చేయడానికి ఏమీ మిగల్లేదు. దీపాలు వెలగమంటే వెలుగుతున్నాయి, ఆరమంటే ఆరుతున్నాయి. లంకరాజు చచ్చేటప్పుడు స్విచ్చి నొక్కితే కళ్ళన్నీ ఒక్కసారే ఆరాలని ఏర్పాటు. ఆ కళ్ళు ఆరిపోయాక ఆయనకి మెట్లు దిగి నా గదికి వచ్చే పనేముంది? తర్వాత కూడా వస్తుండండి అనే మాట నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయేది. దాని బదులు, "చెవులు కూడా వెలిగిద్దామా?" అన్నాను.

"చాలు. ఇంకా పెడితే ఢిల్లీ కోళ్ళు లేస్తాయి."

దసరానాడు మైదానంలో చివరి వరసలో కూర్చున్నాను. చుట్టూ కుటుంబాలు, వేరుశనగ తొక్కలు. లంకరాజు రాగానే కళ్ళన్నీ ఎర్రగా వెలిగాయి. పిల్లలు తల్లుల ఒళ్ళో దూరారు. బాణం తగిలాక ఆయన చాలాసేపు తూలాడు, చివరి మాటలు దీర్ఘాలు తీసి చెప్పాడు, పడ్డాడు. కళ్ళు ఆరిపోయాయి.

నేను ఎప్పుడు లేచానో నాకే తెలియదు. "వన్స్ మోర్" అని అరిచాను.

ఎవరూ అందుకోలేదు. మా వైపైతే ఈపాటికి పందిరి లేచిపోవాలి. ఇక్కడ ముందు వరసలు వెనక్కి తిరిగి చూశాయి. పక్కావిడ తన పిల్లవాణ్ణి అవతలికి లాక్కుంది. "బైఠ్ జాయియే అంకుల్," అన్నాడొకాయన జాలిగా. "ఆయన చచ్చిపోయాడు."

కూర్చోబోతుండగా స్టేజీ మీద శవం కళ్ళు వెలిగాయి. పద్దెనిమిదీ. ఆరి, ఇంకోసారి వెలిగి, ఆరాయి. బాణం వేసినాయన ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. అదీ నాటకంలో భాగమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు.

మర్నాటి సాయంత్రం అలవాటుగా రెండు గ్లాసుల టీ పెట్టాను. రెండూ నేనే తాగాను. ఆ తర్వాత ఒక గ్లాసే పెట్టడం మళ్ళీ నేర్చుకున్నాను. కిరీటం కమిటీవాళ్ళ సామాన్ల గదికి వెళ్ళిపోయింది. ఆయన మెట్ల మీద ఎదురైతే రెండు కళ్ళూ గట్టిగా మూసి తెరిచేవాడు. టీకి రమ్మంటే, పైన చపాతీలు చల్లారతాయనేవాడు.

చలి ముదిరిన ఒక సాయంత్రం కూరగాయల సంచితో పైకి వెళుతుంటే ఆపాను.

"వచ్చే దసరాకి ముక్కులు కూడా వెలగాలి. కొలతలు తీసుకోవాలి."

"ఇంకా ఏడాది ఉంది కదా, భాయిసాబ్."

"ముక్కులండీ," అన్నాను. "టైము పడుతుంది."