గుండెల ఎత్తు గోడ

ఇంగ్లీషు వచ్చినవాడికి లోకంలో మిగతావన్నీ వాటంతటవే వచ్చేస్తాయని నేను నిండా నమ్మిన రోజులవి. వయసు ఇరవై మూడు. యానాంలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికి నాలుగు నెలలైంది. మెళ్లో ఐడీ కార్డు స్నానానికి తప్ప తీసేవాణ్ణి కాదు. (ఆ సెంటర్లో ఉద్యోగులం ఇద్దరమే. ఒకరినొకరు గుర్తుపట్టడానికి కార్డు అక్కర్లేదు.) నాన్న తాపీమేస్త్రి. మా యానాంలో, ఫరంపేటలో గాని, మెట్టకూరులో గాని ఆయన చెయ్యి పడని వీధి లేదు. ఆ సంగతి నేను సెంటర్లో చెప్పేవాణ్ణి కాదు. ఎవరైనా అడిగితే "కన్‌స్ట్రక్షన్ లైన్" అనేవాణ్ణి.

అప్పుడే మా సంఘం అయ్యగారు, అంటే మా చర్చి పాస్టరుగారు, ఒక ప్రకటన చేశారు. శ్రీలంకలో సముద్రం ఒడ్డున ఒక జాలర్ల ఊళ్లో సండే స్కూలు గది కట్టాలి, పది రోజుల సేవకు తండ్రీకొడుకులు జంటలుగా రావాలి అని. మూడు జంటలు తేలాయి. అందులో ఒకటి మేము. నాన్న పని కోసం పేరిచ్చాడు, నేను విమానం కోసం ఇచ్చాను. బయల్దేరే ముందు ప్రార్థనలో అయ్యగారు ఒక నియమం పెట్టారు. "అక్కడ తండ్రీ లేడు, కొడుకూ లేడు. అందరూ బ్రదర్సే. ఇంగ్లీషొచ్చిన కుర్రోళ్లు లీడర్లు. లీడరు మాట పెద్దోళ్లు కూడా వినాలి మరి." మిగతా రెండు జంటలూ నవ్వేసి మర్చిపోయాయి. నాన్న మర్చిపోలేదు. విమానంలో బెల్టు పెట్టుకోవడం తెలియక నా వైపు తిరిగి, "బ్రదర్ గారూ, ఇది కాత్త చూత్తారా" అన్నాడు. వేళాకోళమేమోనని మొహం చూశాను. నవ్వు లేదు. పుట్టిన దగ్గర్నుంచీ "ఒరే" తప్ప మరో పిలుపు ఎరగనివాణ్ణి. ఆ "గారూ" చెవిన పడగానే సీట్లో ఇంకో అంగుళం ఎత్తు కూర్చున్నాను.

అక్కడికి వెళ్లాక ఒక జంటకు తలుపుల పని, ఒక జంటకు వంట, మాకు గోడలు అప్పగించారు. మాకు సాయంగా ఆ ఊరి ముసలి మేస్త్రి ఒకాయన వచ్చాడు. ఆయనకు తమిళం తప్ప మరో భాష రాదు. అక్కడి పాస్టరుకి తమిళమూ ఇంగ్లీషూ వచ్చు. కాబట్టి ఏ మాటైనా నాన్న నాకు తెలుగులో చెప్పాలి, నేను పాస్టరుకి ఇంగ్లీషులో చెప్పాలి, పాస్టరు మేస్త్రికి తమిళంలో చెప్పాలి. ఒక బకెట్ నీళ్లు కావాలంటే మూడు భాషలు దాటి రావాలి. నేను లేకపోతే పని ఒక్క అడుగు కదలదని నాకు చాలా తృప్తిగా ఉండేది.

నాలుగో రోజు మధ్యాహ్నానికి సముద్రం వైపు గోడ గుండెల ఎత్తుకు వచ్చింది. ఆ రోజుకి చాలని నాన్న తాపీ కడిగేసుకున్నాడు. ఒక రోజులో గోడను అంతకు మించి లేపకూడదన్నది ఆయన ముప్పై ఏళ్లుగా తప్పని నియమం. కింది వరసలు ఆరక ముందే పైన బరువు పెడితే గోడ నిలవదు. నాకేమో పొద్దున్నే పాస్టరుతో, "రేపటికి గోడలు పూర్తి, ఆదివారం ప్రతిష్ఠకి కప్పు కూడా రెడీ" అని మంచి ఇంగ్లీషులో చెప్పేసి ఉన్నాను. (ఇంగ్లీషులో చెప్పిన మాట తప్పడం తెలుగులో తప్పినంత తేలిక కాదని అప్పట్లో నా అభిప్రాయం.)

"ఇంకో నాలుగు వరసలు వేసెయ్యండి బ్రదర్" అన్నాను.

"గుండెల ఎత్తొచ్చేసిందండి బ్రదర్ గారూ."

"ఎవరి గుండెల ఎత్తు? నేను మీకంటే జానెడు పొడుగు. నా గుండెలకి ఇంకా రాలేదు."

నాన్న నా వంక చూశాడు. గోడ వంక చూశాడు. ముసలి మేస్త్రి వంక కూడా ఒకసారి చూశాడు. "ఆయ్, అలాగేనండి" అని కడిగిన తాపీ మళ్లీ సిమెంటు మాలులో పెట్టాడు. నాలుగు వరసలు అనుకున్నది ఏడు చేయించాను.

మర్నాడు పొద్దున గోడకు పొట్ట వచ్చింది. మధ్యలో ఉబ్బి, భోంచేసి కూర్చున్న పెద్దమనిషిలా ఉంది. ఊళ్లోవాళ్లు వచ్చి చూసి వెళ్లారు. సగానికి పైగా విప్పాలి, ఆదివారం ప్రతిష్ఠ అయ్యేలా లేదు. ముప్పై ఏళ్లుగా తూకం గుండు వేలాడదీసి దారమంత వంకర లేకుండా కట్టిన మనిషికి, పరాయి దేశంలో వంకర గోడ కట్టిన మేస్త్రి అని పేరు.

సాయంత్రం ప్రార్థనలో రోజూ ఒకరు లేచి సాక్ష్యం, అంటే తన మనసులోది అందరి ముందూ, చెప్పాలి. ఆ రోజు నాన్న లేచాడు. "గోడ అలాగయ్యిందంటే తప్పు నాదండి. ఆపవలసినోణ్ణి, ఆపలేదు" అని తెలుగులో చెప్పి, తర్జుమాకి నా వైపు చూశాడు. నిజం చెప్పడానికి దేవుడు అంతకంటే మంచి అవకాశం ఇవ్వడు. నేను లేచి, చక్కటి ఇంగ్లీషులో, గోడ విషయంలో తప్పంతా తనదేనని మా బ్రదర్ ఒప్పుకుంటున్నారు అన్నాను. పాస్టరు దాన్ని తమిళంలో చెప్పారు.

జనంలో చిన్న కదలిక వచ్చింది. ముసలి మేస్త్రి లేచి నాన్నతో ఏదో గట్టిగా అన్నాడు. నాన్న ఆయనకు జవాబు చెప్పాడు. తమిళంలో. తడుముకోకుండా, గడగడా.

నేను పుట్టకముందు నాన్న అయిదేళ్లు పాండిచ్చేరిలో మేస్త్రి పని చేశాడు. ఆ సంగతి నాకు తెలుసు. అయిదేళ్లు అక్కడున్నవాడికి తమిళం వస్తుందన్న ముక్క మాత్రం ఇంగ్లీషు నిండిన నా బుర్రకి తట్టలేదు. నేను అటు తిరిగినప్పుడల్లా వాళ్లిద్దరూ హాయిగా మాట్లాడుకుంటూనే ఉన్నారట. నా ఎదుట మాత్రం, లీడరు ఉండగా తాను మాట్లాడకూడదని, నాన్న మూడు భాషల దారినే వచ్చేవాడు. నాలుగో రోజు నేను ఏమన్నానో, నాన్న ఏమన్నాడో ఊరందరికీ తెలుసు. అంతా తెలిసినవాళ్ల ముందు నిలబడి నేను నాన్న మీద తప్పు వేశాను.

పాస్టరు నా దగ్గరకు వంగి మెల్లగా ఇంగ్లీషులో చెప్పారు. "ఆపుదామన్నది నువ్వే కదా, ఆ రోజే నాతో చెప్పావు కదా అని మా మేస్త్రి మీ నాన్నగారితో అంటున్నాడు. పోనివ్వండి, మా అబ్బాయికి ఇదే మొదటి గోడ అంటున్నారు మీ నాన్నగారు."

అయిదు రోజుల తర్వాత మళ్లీ అబ్బాయినయ్యాను, అదీ రెండు భాషలు దాటి. సిగ్గుతో చచ్చిపోయాను. ఎలాగో లేచి, తప్పు నాది, లీడర్‌గా నాకు సెలవిప్పించండి అన్నాను. ఆ ఇంగ్లీషు ఏమంత బాగా రాలేదు గాని, పాస్టరు సర్దుకుని తమిళంలో చెప్పారు. నాన్న మాత్రం తల వంచుకుని కూర్చున్నాడు.

మర్నాడు తెల్లారేసరికి నాన్న అప్పుడే గోడ దిమ్మలు విప్పుతున్నాడు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. తల ఎత్తకుండానే, "ఒరే, ఏంటలా చూత్తావు, నీళ్లట్రా" అన్నాడు. ఆ "ఒరే" వినడానికి నేనెంత అలమటించానో అప్పుడు తెలిసింది. పరుగెత్తుకుంటూ వెళ్లి రెండు బకెట్లు తెచ్చాను. (ప్రతిష్ఠ మూడు రోజులు ఆలస్యంగా, మేము బయల్దేరే ముందు రోజు జరిగింది. ఎవరికీ ఏ నష్టమూ రాలేదు.)

ఇప్పుడు మెట్టకూరులో నేను ఇల్లు కట్టుకుంటున్నాను. నాన్న పని మానేశాడు. పొద్దున్నే వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. నేను మేస్త్రుల్ని తొందరపెట్టబోతే, "కానివ్వండి బ్రదర్ గారూ" అంటాడు. అంతటితో నేను వెనక్కి తగ్గుతాను. మొన్న ఒక కొత్త మేస్త్రి, "గుండెల ఎత్తంటే ఎవరివండి, మీయా, పెద్దాయనవా?" అని అడిగాడు. ఆయనవే అన్నాను. కొలత ఇవ్వడానికి నాన్న కుర్చీలోంచి లేచి గోడ పక్కన నిలబడ్డాడు. నడుం బాగా వంగిపోయింది. శ్రీలంకలో కొలత కంటే ఒక వరస తక్కువ వచ్చింది. ఆ వరసకే ఆపించి, తాపీలు కడిగేసుకోమన్నాను.