పుర్రచేతి గరిటె

దయ్యాలంటే నాకు ఇప్పటికీ నవ్వే. నర్సు ఉద్యోగంలో ఎంతమంది పోతుంటే పక్కన నిలబడ్డానో లెక్కలేదు. ఆ తర్వాత మంచం మీద దుప్పటి మార్చి, క్యాంటీన్‌కి పోయి టీ తాగేదాన్ని. వాళ్లలో ఒక్కరూ తిరిగొచ్చి నన్ను పలకరించిన పాపాన పోలేదు. అందుకే ఈ సంగతి చెప్పాలంటే నాకే కాస్త మొహమాటం. కానీ నా పెళ్లి దానివల్లే జరిగింది కాబట్టి చెప్పక తప్పదు.

తొంభైల మొదట్లో నేను ఒమాన్‌లో, అల్ సువైక్ ఊళ్లో ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని. మాది భీమిలి. ఇంటిపేరు డెక్కర్. తెలుగువాళ్లకి ఇదేం ఇంటిపేరు అని అందరూ అడుగుతారు. డచ్చివాళ్లు మా ఊళ్లో వర్తకం చేసుకున్న కాలంలో డెక్కర్ దొర అనే ఆయన వచ్చి అక్కడే ఇల్లు కట్టుకుని ఉండిపోయాడు. ఆయన సమాధి ఇంకా ఉంది. మేం ఆయన వంశమేనని నాన్న నమ్మకం. మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసిన మనిషి కదా, తన పొడుగాటి ముక్కు చూపించి మరీ దొర పోలిక అని చుట్టాలకి పాఠం చెప్పేవాడు. నేను మాత్రం నల్లగా, చప్పిడి ముక్కుతో అమ్మ పోలిక. నా వరకు వచ్చేసరికి పాఠం ఆగిపోయేది.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. పెళ్లి వంటలో మాంసం గుండిగలో పడగానే ఇంటిపెద్ద వచ్చి మొదటి గరిటె తిప్పాలి. అదీ పుర్రచేత్తో. తిప్పి, గరిటెతో గుండిగ అంచు మీద మూడుసార్లు తట్టాలి. ఎడమచెయ్యేమిటని ఎవరైనా అడిగితే, దొరలకి కుడీ ఎడమా పట్టింపు ఉండదని నాన్న తేల్చేసేవాడు.

ప్రభుదాస్ రుసైల్‌లో ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. అక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి, శుక్రవారం శుక్రవారం మస్కట్‌లోని రువీలో తెలుగువాళ్ల ప్రార్థనకి వచ్చేవాడు. గొంతెత్తి పాడేవాడు, శ్రుతి మాత్రం ఆయన దారికి వచ్చేది కాదు. అక్కడ అందరం బ్రదర్, సిస్టర్ అనే పిలుచుకుంటాం, ఇంటిపేర్ల ప్రసక్తే రాదు. ఏడాదిపాటు నన్ను సిస్టర్ అన్నవాడు, ఒక శుక్రవారం ఆ పిలుపు దగ్గర నీళ్లు నమిలాడు. నాకు అర్థమైంది. చాలా సంతోషమేసింది కూడా.

ఇంట్లో చెప్పుకోవాలి కదా అని వివరాలు అడిగితే, నర్సాపురమనీ, డెక్కర్ వాళ్లమనీ చెప్పాడు. వేళాకోళమనుకుని నవ్వాను. కాదు. డెక్కర్ దొర కొడుకొకడు నర్సాపురం రేవుకి వలస వెళ్లాడట, వీళ్లు ఆ కొడుకు సంతానమట. నా నవ్వు ఆగిపోయింది. ఒకే ఇంటిపేరంటే అన్నాచెల్లెళ్ల వరస. దేవుణ్ణి మార్చుకున్నా ఈ ఒక్క పట్టింపు దగ్గర మేం తాతముత్తాతల తెలుగువాళ్లమే.

"ఏడాదిపాటు సిస్టరు సిస్టరని నోరారా పిలిచానండి. దేవుడు నిజం చేసి పారేశాడు," అన్నాడు దిగాలుగా.

ఆ రోజుల్లో ఫోన్ అంటే జీతం కరిగిపోయేది. కబుర్లు క్యాసెట్‌లో చెప్పుకుని, సెలవుకి వెళ్లొచ్చేవాళ్ల చేత పంపించుకునేవాళ్లం. నాన్న నుంచి జవాబు అలాగే వచ్చింది. రూమ్‌లో ఒక్కదాన్నే కూర్చుని విన్నాను. "రూతమ్మా, ఇద్దరూ దొర బిడ్డలే. రక్తం ఒకటే. ఇంక ఈ మాట ఎత్తకు," అన్నాడు. అది కోపంగా చెప్పినా బాగుండేది. ప్రేమగా చెప్పాడు.

మర్నాడు డ్యూటీలో ఉమ్ సాలెంకి కాలి పుండు కట్టు మారుస్తున్నాను. ఉమ్ సాలెం అంటే సాలెం తల్లి అని. ఖర్జూరతోటల్లో పుట్టి పెరిగిన ముసలమ్మ. అరబీ తప్ప మరో ముక్క రాదు. మస్కట్ దాటి ఎరగదని కొడుకే చెప్పాడు. మధ్యాహ్నం నమాజు అయిపోయింది, వార్డంతా వెలుతురుగా ఉంది. పక్కన బేసిన్ పట్టుకుని కడప కరీముల్లా నిలబడ్డాడు, మా వార్డు అటెండరు. ఎంత ఆపుకున్నా నా కళ్లు కారిపోతున్నాయి.

ముసలమ్మ నా మణికట్టు పట్టుకుంది. నా మొహంలోకి చూసి, తెలుగులో మాట్లాడింది.

"ఒలే గుంటా, ఏటలా ఏడుస్తన్నావు? నువ్వు దొర నెత్తురువి కాదే. వంటోడి నెత్తురువి. దొర సమాది కాళ్లకాడ ఇసక తీయించు, పుర్రచేతిలో గరిటుంటాది. పెళ్లి సేసుకో, పో."

ఆ వెంటనే అరబీలో మంచినీళ్లు అడిగింది.

నేనే ఏదో ఊహించుకున్నాననుకునేదాన్ని. కానీ కరీముల్లా చేతిలో బేసిన్ ఒరిగి నీళ్లన్నీ నా చెప్పుల మీద పడ్డాయి. "సిస్టర్, ఈయమ్మకు తెలుగు యాడిది? అది మా కడప మాట గూడా కాదే, మీ పక్క మాట," అన్నాడు. జ్వరం చూశాను, లేదు. షుగరు చూశాను, మామూలుగానే ఉంది. నాకు వచ్చిన అరబీలో ఇందాక ఏమన్నావని అడిగితే, నీళ్లు అడిగానుగా అంది విసుగ్గా. మా ఇంటి కథ గానీ, భీమిలి సమాధి సంగతి గానీ ఆ ఆస్పత్రిలో నేను ఎవరికీ చెప్పలేదు.

ప్రభుదాస్‌కి చెబితే కాసేపు తల గోక్కున్నాడు. "పోయేదేవుందండి, ఇసకే కదా," అన్నాడు. ఎవరు చెప్పారన్నది దాచి, సమాధి కాళ్లవైపు ఇసక తీయించమని మాత్రం నాన్నకి క్యాసెట్ పంపాను.

జవాబు రావడానికి చాలా రోజులు పట్టింది. మొదట క్యాసెట్‌లో కాకుల అరుపులు తప్ప ఏమీ లేవు. తర్వాత నాన్న గొంతు, హెడ్మాస్టరు గొంతు కాదు. ఇసక కింద చిన్న రాయి బయటపడిందట. దాని మీద ఎడమచెయ్యి ఒకటి, ఆ చేతిలో గరిటె చెక్కి ఉన్నాయట. కింద తెలుగు అక్షరాల్లో, డెక్కరు దొరగారి వంటవాడు యోహాను, బాప్తిస్మంలో దొరగారి పేరు పుచ్చుకున్నవాడు అని ఉందట. మా ఇంట్లో ప్రతి తరంలోనూ పెద్దకొడుకు పేరు యోహానే. నాన్న పేరూ అదే.

"మనం దొరలం కామే అమ్మా, వంటోళ్లం," అన్నాడు. మళ్లీ కాకులు. నాకు భయమేసింది, పాపం ఆ ముక్కు ఇప్పుడెలా ఎత్తుకు తిరుగుతాడని. ఇంతలో పగలబడి నవ్వు వినిపించింది. "అందుకేనే, మన ఇంటి చేపల పులుసంటే ఊరు ఊరంతా గిన్నె పట్టుకొస్తాది! రక్తం వేరే గదా, శుభ్రంగా పెళ్లి చేసుకోండి. మొదటి గరిటె మాత్రం మరిచిపోకండి." ఆ ముక్క నేనూ ప్రభుదాసూ ఎన్నిసార్లు వెనక్కి తిప్పి విన్నామో, చివరికి టేపు నలిగిపోయింది.

రువీలో పెళ్లయింది. విందు తమ తోటలోనే పెట్టుకోవాలని ముసలమ్మ కొడుకు సాలెం పట్టుబట్టాడు. ఖర్జూరచెట్ల కింద చాపలు పరిచారు. ఒమానీలు కూడా తినాలి కాబట్టి వంట కరీముల్లా చేతిలో పెట్టాం. రుసైల్ నుంచి కంపెనీ బస్సులో ప్రభుదాస్ స్నేహితులు పాటలు పాడుకుంటూ దిగారు. శ్రుతి లేనిది ఆయన ఒక్కడికే కాదని అప్పుడు తెలిసింది. నాన్నకి వీసా అందలేదు. ఆ ఒక్క వెలితి తప్ప అంత సంతోషం నా జన్మలో ఎరగను.

మాంసం గుండిగలో పడింది. అప్పుడు గుర్తొచ్చింది, మొదటి గరిటెకి ఎవర్నీ అనుకోలేదని. ఎవర్ని పిలవాలా అని తెల్లచీర కుచ్చిళ్లు పట్టుకుని లేచేలోపే, ఆడవాళ్ల మధ్య నుంచి ఉమ్ సాలెం లేచింది. కర్ర ఊతంగా తిన్నగా పొయ్యి దగ్గరకి నడిచింది. కరీముల్లా చేతిలోంచి గరిటె తీసుకుంది.

ఎడమచేత్తో తీసుకుంది. ఆవిడ ఎడమచేత్తో మందుబిళ్ల కూడా అందుకోని మనిషి. గుండిగలో ఒక చుట్టు తిప్పి, అంచు మీద మూడుసార్లు తట్టింది. మొదటి గరిటె మాట ప్రభుదాస్ టేపులో విన్నాడు గానీ, పుర్రచేత్తో తిప్పాలనీ, మూడుసార్లు తట్టాలనీ నేను అక్కడ ఎవరికీ చెప్పి ఉండలేదు, ఆయనకి కూడా. కరీముల్లా నావైపు చూశాడు. నేను ఏడుస్తూ నవ్వుతున్నాను.

దగ్గరకి వెళ్లి, అమ్మా, ఎడమచేత్తో తిప్పావేమని అరబీలో అడిగాను. ఆవిడ తన చెయ్యి చూసుకుని తెల్లబోయింది. గబుక్కున గరిటె కుడిచేతిలోకి మార్చుకుని, దేవుడా క్షమించు అనుకుంది. కూర ఎప్పుడవుతుంది, ఆకలేస్తోందంది.

ఇన్నేళ్లయినా దీన్ని దయ్యం అనడానికి నోరు రాదు, అంత సంబరంగా ఉన్న చోటికి దయ్యాలు వస్తాయా? ఆ రాత్రే నాన్నకి క్యాసెట్ నింపాను. అన్ని కబుర్లూ అయ్యాక, ఆయన మొట్టమొదట అడగబోయేదానికి జవాబు చెప్పాను.

"బెంగపెట్టుకోకు నాన్నా. మొదటి గరిటె మన ఇంటిపెద్దే తిప్పాడు."