ఇనుపరాయి మీద అమ్మ ముగ్గు

ఇవాళ రైల్వే వంతెన మీంచి, గూడ్సుబండిలో గని నుంచి వచ్చిన ఇనుపరాయి మీద సున్నం గీతలు చూశాను. మన ఈడు వాళ్ళకు గుర్తుందా? దారిలో ఎవరైనా రాయి తీస్తే తెలిసిపోవాలని అలా చల్లేవాళ్ళు.

అడుగున తలుపులున్న ఎత్తైన కొత్త వ్యాగన్ మా గుంతకల్లు వైపు మొదటిసారి వచ్చినప్పుడు, బండ్లకు రాయి నింపే అమ్మ జట్టును చూసి మేస్త్రీ నవ్వాడు. "ఇంజను వచ్చేలోపల ఆడోళ్ళు దీన్ని నింపుతారా? నింపకపోతే రేపట్నుంచి వేరే జట్టును పెడతా."

అమ్మ జట్టు వాలుగా వేసిన చెక్క పలకలెక్కి, గంపలతో రాయి పోసి, అంచుదాకా నింపేసింది. ఆపైన అమ్మ సున్నం ఊరికే చల్లలేదు, మా వాకిట్లో రోజూ వేసే ముగ్గే వేసింది.

బండి కదలగానే అందరం పట్టాల మీది మెట్ల వంతెనెక్కాం. మా కాళ్ళకింద ముగ్గు సాగిపోతుంటే, కిందున్న మేస్త్రీకి వినబడేలా అమ్మ అరిచింది:

"సూడప్పా మేస్త్రీ, మా వాకిలి మద్రాసుకు పోతాండాది!"