నిమ్మగడ్డి బేరం

మా పుట్టింటివాళ్ళది జనగామ బజారులో కిరాణా దుకాణం. మేనమామలవీ చిన్నాయనలవీ అదే వరసలో ఉండేవి. గల్లాపెట్టె వెనక కూర్చుని పెరిగినదాన్ని కాబట్టి, కొనడానికి వచ్చినవాళ్ళు ఎక్కడ దొరికిపోతారో చిన్నప్పుడే కనిపెట్టాను. కావలసిన వస్తువు వైపు ఆశగా చూసినప్పుడే దొరికిపోతారు. అందుకే కందిపప్పు కావాలంటే నేను ముందు శనగపప్పు అడుగుతాను. తర్వాత కందిపప్పు చేతిలోకి తీసుకుని పెదవి విరుస్తాను. ఏదో వంక పెట్టి, వద్దని బయటికి నడుస్తాను. వెనక నుంచి "అమ్మా, ఇటు రా" అని పిలుపు వస్తుంది. లాభమంతా ఆ పిలుపులోనే ఉంటుంది. పెళ్ళయి నల్లగండ్ల అపార్ట్‌మెంటుకు వచ్చాక కూడా ఈ విద్య వదల్లేదు. నేను కూరగాయలు కొంటున్నంతసేపూ మా ఆయన నన్నెరగనట్టు దూరంగా స్కూటర్ దగ్గర నిలబడేవాడు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. ఎప్పుడు బంద్ ఉంటుందో, ఎప్పుడు బస్సులు తిరుగుతాయో పొద్దున టీవీ పెడితే గాని తెలిసేది కాదు. మా మరిది హైటెక్ సిటీ ఆఫీసులో తనతో పనిచేసే భీమవరం పిల్లను ప్రేమించి పెళ్ళి చేసుకున్నాడు. అలా నాకు తోడికోడలు వచ్చింది, మా వైపు మాటలో యారాలు. టీవీలో రాష్ట్రం గురించి చర్చ మొదలవగానే రిమోట్ కోసం ఇద్దరం పెనుగులాడి, చివరికి సీరియల్ దగ్గర రాజీ పడేవాళ్ళం.

ఆ పిల్ల కడుపుతో ఉంది. వేవిళ్ళు. మంచినీళ్ళు కూడా కడుపులో నిలవడం లేదు. ఇంకా ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించాల్సిందేనంది డాక్టరమ్మ. అప్పటినుంచి ఏడుపు ఒక్కటే తక్కువ. సూది పేరు చెబితేనే వణికే మనిషి.

"ఏం తినబుద్ధయితదో చెప్పు, చేసిపెడత," అన్నాను.

"నవ్వకూడదు మరి."

"నవ్వను గానీ చెప్పు."

"ఆఫీసు పని మీద బ్యాంకాక్ వెళ్ళాను కదక్కా, అక్కడో సూప్ తాగాను. పుల్లగా, కారంగా ఉంటుంది. ఎప్పుడూ అదే గుర్తొస్తోంది."

"గంతేనా? సూపంటే చారే గదా."

"చారు కాదక్కా."

"పుల్లగ, కారంగ ఉంటే చారు గాక ఇంకేంది?"

అల్లం, నిమ్మాకులు, పచ్చిమిరపకాయలు వేసి కాచి ఇచ్చాను. ఒక గుక్క తాగి, "ఇది జలుబు కషాయం," అని బాత్రూమ్‌లోకి పరుగెత్తింది. తిరిగి వచ్చి మంచం మీద వాలి, నీరసంగా అసలు సంగతి చెప్పింది. నిమ్మగడ్డి కావాలి, గలంగల్ అనే దుంప కావాలి, థాయ్ నిమ్మాకు కావాలి, చేపల సాస్ కావాలి. ఇందులో ఏది లేకపోయినా అది ఆ సూప్ కాదట.

"ఫికర్ చెయ్యకు. మా తెలంగాణల దొరకంది లేదు."

"ముందు మీ తెలంగాణని రానీ అక్కా. వచ్చాక నన్నిక్కడ ఉండనిస్తారో, వీసా అడుగుతారో!"

"అడుగుతరు. స్టాంపు కొట్టేది నేనే. ముందు కడుపుల ఏమన్న పడనీ."

గొప్పగా అన్నాను గాని, కూకట్‌పల్లి మార్కెట్టంతా తిరిగితే గలంగల్ పేరు చెప్పి మామిడల్లం చేతిలో పెట్టారు. థాయ్ నిమ్మాకు అడిగితే ఒకాయన, "ఆకులెందుకమ్మా, కాయలే తీస్కో," అన్నాడు. చివరికి మా యారాలి స్నేహితురాలు ఫోన్లో ఒక ఆచూకీ చెప్పింది. మాదాపూర్‌లో అద్దాల ఆఫీసుల వెనక సందులో విదేశీ సరుకులమ్మే దుకాణం ఉందట. మర్నాడు బంద్ అని అప్పటికే తెలిసిపోయింది. అన్నం పొయ్యి మీంచి దించేసి, ఉన్నపళాన ఆటో ఎక్కాను.

ఆ దుకాణంలో అడుగు పెట్టగానే చలి వేసింది. గోనెసంచి లేదు, తక్కెడ లేదు, మిరపకాయల ఘాటు లేదు. ఏ వాసనా రాని దుకాణాన్ని నమ్మడమెలా? గల్లా దగ్గర నడివయసాయన ఒక్కడే కూర్చున్నాడు. మూలనున్న ఫ్రిజ్‌లో నాకు కావలసింది కనిపించింది. పొడుగాటి నిమ్మగడ్డి కాడలు, అల్లానికి దూరపు చుట్టంలా పాలిపోయిన దుంప, ఒక ఆకు కొసకు ఇంకో ఆకు అతికించినట్టున్న నిమ్మాకు, మూడూ కలిపి ఒకే పొట్లం. అదొక్కటే మిగిలింది. వెంటనే కళ్ళు తిప్పుకుని నూడుల్స్ ధర అడిగాను.

నూడుల్స్ బాగాలేవన్నాను. బిస్కెట్ల డబ్బా చిన్నగా ఉందన్నాను. అప్పుడు, ఏదో ఇప్పుడే కంటబడినట్టు, "ఈ గడ్డేంది?" అన్నాను.

"నిమ్మగడ్డండి. థాయ్ సూప్‌కి వాడతారు."

"మా ఊర్ల దీన్ని బర్రెలు గూడ తినయి. సగానికియ్యి, తీస్కపోత. ఇంట్ల దోమలు జర ఎక్కువున్నయి."

"దోమలకైతే కాయిల్ ఉందండి. ఇమ్మంటారా?"

అతను నవ్వకుండా అన్నాడు. నా ఎదురుగా ఉన్నది ఎవరో అప్పుడే తెలిసి ఉండాల్సింది.

"రేపు బంద్. ఎల్లుండికి ఇది వాడిపోతది. ఎవరు కొంటరు?"

"వాడిపోతే నేనే సూప్ కాచుకుంటానండి."

"అయితే నాకొద్దు."

"మంచిదండి."

బయటికి నడిచాను. మెల్లగా మెట్టు దిగాను. చెప్పు సర్దుకుంటున్నట్టు వంగాను. పిలుపు రాలేదు. పక్క బేకరీలో కేకుల మీద రాసిన పేర్లన్నీ చదివాను. అయినా రాలేదు. ఇంతలో సందు మొదట్లో నినాదాలు, బైకుల హోరు వినిపించాయి. మర్నాటి బంద్ గురించి చాటుతున్న ర్యాలీ. నా వెనక గరగరమని చప్పుడైంది. తిరిగి చూస్తే షట్టర్ కిందికి దిగిపోయింది.

"అన్నా! నేనే, ఇప్పుడొచ్చినామెను!" అని రేకు మీద కొట్టాను.

"బంద్ అండి," అంది లోపలి గొంతు.

"బంద్ రేపు గదా!"

"ఆ మాట ఆ బళ్ళవాళ్ళకి చెప్పి రండి, తీస్తాను."

బైకు మీద పోతున్న ఒకతను నన్ను చూసి, "అక్కా, జై తెలంగాణ!" అని చెయ్యెత్తాడు. ఒక చేత్తో షట్టర్ బాదుతూనే నేనూ గట్టిగా, మనస్ఫూర్తిగా, "జై తెలంగాణ!" అన్నాను. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది.

ర్యాలీ సందు దాటింది. నాకిక విద్యలేమీ మిగల్లేదు. షట్టర్‌కు నోరు దగ్గరగా పెట్టి చెప్పేశాను. "అన్నా, మా యారాలు కడుపుతోనున్నది. నీళ్ళు గూడ నిలుస్తలేవు. సెలైన్ ఎక్కిస్తమంటున్నరు. ఆ సూపొక్కటే తాగుతనంటున్నది. నీ రేటుకే ఇయ్యి. మీ దిక్కు పిల్లనే, భీమవరం!"

మా నాన్న వింటే గల్లాపెట్టెకు తల కొట్టుకునేవాడు.

లోపల గడియ తీసిన చప్పుడైంది. తర్వాత షట్టర్ మోకాలి ఎత్తు లేచింది. ముందు పొట్లం వచ్చింది, దాని వెనకే ఒక సీసా.

"చేపల సాస్ మర్చిపోయారు. కొంచెమే వెయ్యండి, ఉప్పు ఎక్కువ."

"నాకు గడ్డే కావాల్నని నీకెప్పుడు తెలిసింది?"

"ఫ్రిజ్ వైపు చూసి నూడుల్స్ అడిగారు కదండీ, అప్పుడే. మా నాన్నదీ తణుకులో కొట్టేనండి."

"తెలిసి గూడ పిలవకపోతివి?"

"మీరే తిరిగొస్తారని చూశానండి."

అడిగినంతా ఇచ్చి ఆటో ఎక్కాను.

ఇంటికొచ్చి, మా యారాలు మంచం మీంచి చెబుతుంటే చేశాను. చేపల సాస్ మూత తీయగానే మా ఆయన కిటికీలన్నీ తెరిచాడు. దీన్ని ఏమీ నిలవని పిల్లకు ఎలా పెట్టడమా అని నాకే భయమేసింది. గిన్నె ఆమె చేతికిచ్చి, ఎందుకైనా మంచిదని బకెట్ పట్టుకుని పక్కన కూర్చున్నాను. ఒక చెంచా తాగింది. కళ్ళు మూసుకుంది. ఇంకో చెంచా తాగింది. నేను ఆమె గొంతు వైపే చూస్తూ కూర్చున్నాను.

"అక్కా, ఇంతకీ ఎంతకి బేరమాడావు?"

"ఎంత చెప్పిండో అంత."

"నువ్వా!"

నవ్వడం మొదలుపెట్టింది. షట్టర్ సంగతి చెప్పేసరికి మంచం మీద దొర్లుతూ నవ్వింది. "నవ్వకే, తాగింది బయటికొస్తది!" అని బకెట్ ముందుకు జరిపాను. ఆమె దాన్ని పక్కకు నెట్టి, కళ్ళు తుడుచుకుని, ఖాళీ గిన్నె నా ముందు పెట్టింది.

"ఇంకొంచెం పొయ్యక్కా. అడుగున దుంప ముక్కలు రాకుండా చూడు."