కోడి కింద టర్కీ గుడ్లు

రామతీర్థం దగ్గరి పల్లెలో మా మేనత్త జపాన్ కౌజు పిట్టలనూ, గిన్నికోళ్ళనూ, టర్కీలనూ ఒకే కొట్టంలో పెంచాలనుకున్నప్పుడు, ఆ కొట్టానికి నక్షా గీసింది నేను. అప్పుడు కొత్తవలసలో రైల్వే సిగ్నళ్ళ పని చూసేవాణ్ణి. ఒకే పట్టా మీద రెండు బళ్ళు ఎదురుపడకుండా చూడటం నా వృత్తి. పక్షులకూ అదే సూత్రం సరిపోతుందనుకున్నాను.

కౌజు బెదిరితే నిట్టనిలువుగా ఎగిరి తల పగలగొట్టుకుంటుంది. అందుకని వాటి గదిలో రేకు కింద మెత్తటి వల కట్టించాను. గిన్నికోడి పుంజు మేత దగ్గర చిన్నవాటిని తరుముతుంది. అందుకని మేత తొట్లు రెండు పెట్టించి, ఒకచోటి నుంచి రెండోది కనబడకుండా తడక నిలిపాను. నెల తిరిగినా ఒక్క పక్షికీ గాయం కాలేదు. నాకు కొంత గర్వం కూడా కలిగింది.

సంతలో కొనితెచ్చిన టర్కీ గుడ్లను మాత్రం అత్త తన పద్ధతిలోనే, గంపలో ఊక పోసి, పొదుగుకొచ్చిన నాటుకోడి కింద పెట్టింది. కోడిగుడ్డుకు ఇరవై ఒక్క రోజులు, టర్కీ గుడ్డుకు ఇరవై ఎనిమిది. ఆ అదనపు వారమూ కోడి మేతకు తప్ప లేవలేదు. గుడ్లు పగిలి తొమ్మిది పిల్లలు దిగాయి. వాటిలో మేలైన పుంజును మా చర్చి కోతపండుగకు మందిరంలో అర్పిస్తానని అత్త సంఘం ముందు మాట ఇచ్చింది. తల్లీ పిల్లలూ టర్కీల కోసం కట్టిన గదిలోనే తిరిగేవి. నా నక్షాలో కోడి లేదు. అయినా అది ఎవరి జోలికీ పోదు కనుక నేను అభ్యంతరం చెప్పలేదు.

ఆరో వారంలో అత్త వాట్సాప్‌లో ఫోటో పంపింది. రెండు పిల్లలు రెక్కలు వేలాడేసి మగతగా నిలబడ్డాయి. రెట్ట గంధకంలా పచ్చగా ఉంది. నేను సెలవు పెట్టి వెళ్ళేసరికే ఆ రెండూ చనిపోయాయి. పశువుల డాక్టరు ఒకదాన్ని కోసి, కాలేయం మీది గుండ్రటి మచ్చలు చూపించాడు. ఈ రోగం నాటుకోడి పేగుల్లోని పురుగు గుడ్లతో, దాని రెట్ట ద్వారా నేలలో చేరుతుందనీ, కోడికేమీ కాదు గానీ టర్కీలు బతకవనీ, మిగిలినవాటిని ఆ నేల మీద ఉంచవద్దనీ చెప్పాడు.

డాక్టరు వెళ్ళాక అత్త నా వైపు తిరిగింది.

"నీ లెక్కల్లో కోడి రెట్ట మర్సిపోనావేట్రా, ఇంజినీరూ?"

"మర్సిపోనానత్తా. కొట్లాటొక్కటే సూశాను."

"ఏడు రోజులు ఎక్కువ కూకుందిరా అది, ఈటి కోసం. ఇప్పుడు తల్లిని ఇడదీస్తావేటి?"

"ఇడదీయకపోతే కోతపండక్కి ఆ కోడినే పట్టుకెల్లాలి."

"అలా సూస్తావేటి, కత్తందుకో. ఎదురు బొంగులు కొట్టి మంచె కడదాం" అంది అత్త.

నేలకు మూడడుగుల ఎత్తున వెదురు బద్దలతో మంచె కట్టాం. రెట్ట కిందికి జారిపోయేలా బద్దల మధ్య సందులు వదిలాం. కోడి తిరిగిన మట్టి అంటకుండా, మంచె దగ్గరికి వెళ్ళడానికి వేరే చెప్పులు పెట్టాను. ఏడు పిల్లలనూ దానిమీదికి చేర్చాం. కోడి రెండు రోజులు తడక అవతల అటూ ఇటూ తిరుగుతూ పిలిచింది. ఆ రెండు రోజులూ అత్త అటు రాలేదు. మేత నా చేతే వేయించింది. మరొక పిల్ల పోయింది. ఆరు నిలిచాయి.

కోతపండుగ నాడు మందిరం అరుగు మీద టర్కీ పుంజొకటి తోక విప్పుకొని నిలబడితే, అందరూ దాని చుట్టూ మూగి ప్రార్థన మొదలవడం ఆలస్యమైంది.

మరుసటి ఏడు అత్త ఫోన్ చేసింది. "ఒరే, టర్కీ గుడ్లు ఎట్టీసినాను. వారం పోనాక కోడిగుడ్లు నాలుగు ఎడతాను. అన్నీ ఒక్కరోజే దిగుతాయి. టర్కీ పిల్లలు నీ మంచెక్కుతాయి, దాని పిల్లలు దానికుంటాయి."

ఇరవై ఎనిమిదిలో ఏడు తీస్తే ఇరవై ఒకటి. ఇంత చిన్న తీసివేత నాకు తట్టలేదు. వెళ్ళి కోడికి కడుపులోని నులిపురుగులు పోయే మందు పట్టించి వచ్చాను. ఇరవై ఎనిమిదో రోజున టర్కీ పిల్లలు, వెచ్చదనానికి బల్బు వేలాడదీసిన మంచె ఎక్కాయి. కోడి తన నాలుగు పిల్లలను వెంటేసుకొని, వెనక్కి చూడకుండా పెరట్లోకి నడిచింది.