కండెన్సర్ కురిపించిన వాన

బుర్ర ఉన్నవాడెవడూ చేయని పని నేను ఇరవై రెండేళ్ల వయసులో చేశాను. వేలిగోరంత లేని కెపాసిటర్‌తో మా విత్తనం సగం నాశనం చేశాను. ఎలాగంటారా? చెబుతాను, నవ్వుకోండి. మొహమాటం వద్దు, మా నాయనే ఇప్పుడు నవ్వుతున్నాడు.

ఆ రోజుల్లో సొంతంగా ఒక కండెన్సర్ మైకు, దానికి ఆంప్లిఫయర్ తయారు చేయాలని నాకు పిచ్చి పట్టింది. అనంతపురంలో రేడియోలు బాగుచేసే మస్తానన్న దగ్గరికి పోయాను. మావైపు కెపాసిటర్‌ను కూడా కండెన్సర్ అనే అంటారు.

"అన్నా, కండెన్సర్ మైకుకు ఏ కండెన్సర్ పెట్టల్ల?"

"మైకులో నుంచి సద్దు వచ్చే దావలో మాత్రం కొత్తది పెట్టప్పా. పాతవి ఈ ఎండలకు లోపల ఎండిపోయింటాయి. కరెంటు కారుతాది."

"ఎండిపోయినది ఎట్ల కారుతాదన్నా?"

మస్తానన్న నన్ను ఎగాదిగా చూశాడు. "నీకు చెప్పేదానికంటే ఫ్యాను రిపేరు చేసుకునేది మేలప్పా" అన్నాడు.

ఆయన మాట వింటే నేను నేనెందుకవుతాను? గార్లదిన్నెలో మా ఇంటికొచ్చి, అటక మీది చెడిపోయిన రేడియోలోంచి పాత కెపాసిటర్ ఒకటి పీకి మైకుకు అతికించాను. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే నా గొంతు గణగణ వినిపించింది. దాని వెనక సుయ్యిమని, చిటపటమని ఒకటే శబ్దం. ఆహా, మైకు గాలి కదలికను కూడా పట్టేస్తోందని మురిసిపోయాను. నక్క పుట్టి నాలుగు ఆదివారాలు కాలేదు, ఇంత గాలివాన ఎన్నడూ ఎరగనందట. నేను సోల్డరింగు పట్టి నాలుగు ఆదివారాలు కాలేదు, ఇంత మైకు లోకంలో లేదన్నాను.

అమ్మా నాయనా విత్తనపు చెనిక్కాయల కోసం, అంటే వేరుశనగ కోసం, కదిరిలో మా అత్త ఇంటికి పోయి ఉన్నారు. అది జూన్ నెల, చేను దున్ని మూడు వారాలుగా వానకు ఎదురుచూస్తున్నాం. కాయలు వలిస్తే ఆ విత్తనం ఎక్కువ రోజులు ఆగదు, అందుకే వాన పడ్డాకే వలుస్తారు. ఇదంతా తెలిసిన నేను ఆ పొద్దున నా మైకులో రికార్డు చేసి, నాయన ఫోనుకు పంపాను.

"నాయనా, వచ్చేసింది! ఇన్నాళ్లు కాచుకుంటిమి గదా. విను, ఎంత బాగుండాదో!"

నేనన్నది మైకులో సౌండు వచ్చిందని. ఏమి వచ్చిందో చెప్పాలని తట్టలేదు. అంతలోనే నా ఫోనులో ఛార్జింగు అయిపోయింది.

సాయంత్రం ఇద్దరూ రెండు మూటలతో ఆటో దిగారు. నాయన చెప్పుకాలితో నేలను రాసి చూశాడు. దుమ్ము లేచింది.

"వాన యాడరా?"

"ఏం వాన నాయనా?"

"నువ్వు పంపిన వాన! మీ అత్తోళ్లు ఇంటిల్లిపాదీ కూర్చోని ఒక మూట ఒల్చినారు గదరా!"

అమ్మ అందుకుంది. "బస్సులో అందరికీ వినిపించినాడు మీ నాయన. ఇద్దరైతే నడిమధ్యలో దిగి చేన్లకు పోయినారు."

మైకు పెట్టె తెచ్చి, ఆ పాత కెపాసిటర్ చూపించి, ఆ చిటపటలు దానివేనని తప్పంతా ఒప్పుకున్నాను. వలిచిన మూట చూస్తే నిజంగా ఏడుపొచ్చింది. నాయన చెయ్యి లేపుతాడనుకున్నాను. ఆయన మెట్టు మీద కూర్చుని తన ఫోను నా చేతిలో పెట్టాడు.

"అది ఇంగోసారి పెట్టు."

పెట్టాను. కళ్లు మూసుకుని విన్నాడు.

"నీ మాటలు తీసేసి, ఉత్త వాన పెట్టరా" అన్నాడు.

అసలు వాన పది రోజులకు పడింది, మిగిలిన మూటతో సగం చేను విత్తాం. వలిచిన మూట నెలరోజుల పాటు పూటపూటా ఊరిబిండి పచ్చడిగా మా కంచాల్లోకి వచ్చింది. ఆ ఊరిబిండి మీద ప్రమాణం చేసి చెబుతున్నాను: ఈ జన్మలో మైకు దారిలో పాత కెపాసిటర్ పెట్టను. జూన్ నెలలో మా నాయనతో కర్త లేని వాక్యం మాట్లాడను.