చావు దొరకని కత్తివీరుడు

ఆ సీరియల్‌ను నేను మొదటి రోజు నుంచే ఈసడించుకున్నాను. ఎక్కడో పరదేశంలో తీసి, తెలుగు మాటలు అతికించి మా మీదికి వదిలారు. చావులేని పన్నెండుమంది కత్తివీరులు. పోరులో ఎవడి కత్తి విరిగితే వాడు మామూలు మనిషై చస్తాడు, వాడి ఆయుష్షు గెలిచినవాడికి పోతుంది. ఇంతే కథ. వందల ఏళ్లు బతికినా ఒక్కడికీ ఒక్క పని రాదు. అన్నం వండడు, గుడ్డ ఉతకడు. కొండెక్కి జుట్టు ఎగరేస్తూ నిలబడతాడు.

నేను దూలపల్లిలో ఒక షెడ్డులో గ్రైండింగ్ మిషన్ మీద పనిచేస్తాను. ఇనుము సంగతి కొద్దోగొప్పో తెలుసు. బండను నరికిన కత్తికి మరుసటి సీనులో గీత కూడా ఉండదు. వానలో నానినా తుప్పు పట్టదు. అలాంటి ఇనుమే ఉంటే మా షెడ్డుకు తాళం వేసుకోవాల్సిందే.

నన్ను కన్న బాపుకు మాత్రం అది ప్రాణం. శామీర్‌పేట చెరువులో ఏళ్ల తరబడి వలలు వేసిన మనిషి, కిడ్నీలు పాడై తూంకుంటలో మా ఇంట్లో మంచం పట్టాడు. వారానికి రెండుసార్లు డయాలసిస్. మిగిలిన రోజుల్లో సాయంత్రం నాలుగింటికి ఈ కత్తుల గోల. పన్నెండుమందిలో అందరికంటే ముసలివాడంటే ఆయనకు ఇష్టం. ఆ ముసలివాడికి బతికి బతికి విసుగొచ్చింది. నా కత్తి విరగ్గొట్టండని ఊరూరా తిరుగుతాడు. కావాలని ఓడితే కత్తి విరగదట, గెలిచే మొనగాడేమో దొరకడు. మా షెడ్డుకు తెస్తే రెండు నిమిషాల్లో ముక్కలు చేస్తానని నేను వెటకారం చేసేవాణ్ణి.

ఒకరోజు బాపు టీవీ మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

"గా ముసలోనికి సావు దొరుకుతదా బిడ్డా?"

"ఎట్ల దొరుకుతది బాపు? ఆడు సస్తే సీరియల్ ఎట్ల నడుస్తది? గుంజుతరు. ఇంక గుంజుతరు."

బాపు తన చేతిమీది సూది మచ్చలను చూసుకున్నాడు. "అవు బిడ్డా, గుంజుతరు," అని గోడవైపు తిరిగాడు. ఆయన అడిగింది సీరియల్ గురించి కాదని అప్పుడు అర్థమైంది. నా నోటి మీద నాకే అసహ్యం వేసింది. అయినా చొక్కా మార్చుకోవడానికి లోపలికి పోయాను.

సీరియల్ ఆఖరి భాగం రేపనగా బాపు పోయాడు.

మా దిక్కు మూడో రోజు పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి దూరం జరుగుతారు. కాకి ముడితే తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు, అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే మాటిస్తారు. చేపల పులుసు, కల్లు, బీడీ కట్ట పెట్టాం. కాకులు కొత్త వెంచర్ ప్రహరీ మీద కూర్చున్నాయి తప్ప దిగలేదు.

"నా ఫికర్ జెయ్యకు," అంది అమ్మ. ఏ కాకీ కదల్లేదు. "నీ వల ఎవ్వనికియ్య, నేనే వాడుకుంట," అన్నాడు పెదబాపు. అయినా దిగలేదు. ఎండ ముదిరింది. "నువ్వన్న ఏమన్న జెప్పురా," అని పెదబాపు నన్ను ముందుకు తోశాడు.

ఏం చెప్పాలో నాకు తెలుసు. చావు ఇంట్లో టీవీ పెట్టరు కదా, రెండో రోజు ఇంటి వెనక నీళ్ల డ్రమ్ము పక్కన కూర్చుని ఫోన్లో ఆ ఆఖరి భాగం చూశాను. నేను అనుకున్నంత దరిద్రంగానే ఉంది. ముసలివాడూ ఒక కుర్ర వీరుడూ కత్తులు ఎత్తారు, బొమ్మ అక్కడే ఆగిపోయింది. రెండో సీజన్ త్వరలో అని అక్షరాలు పడ్డాయి.

విస్తరి దగ్గర కూర్చున్నాను.

"బాపు, నిన్న సూసిన. ముసలోని కత్తి ఇరిగింది. నొప్పి గూడ కాలే, పండుకున్నట్టే పోయిండు."

"ఏ ముసలోడురా?" అన్నాడు వెనక నుంచి పెదబాపు. నేను లేచి వచ్చాను. కాసేపటికి ఒక కాకి దిగి పులుసులో ముక్కు పెట్టింది. అందరూ దండం పెట్టారు. నాకు కాకుల మీద కూడా నమ్మకం లేదు. ఈ అబద్ధమేదో బాపు మంచం మీద ఉండి అడిగిన రోజే చెప్పాల్సింది.